‘శ’ పలికిన పెట్టె

చిరంజీవి పిచ్చుకమ్మకి మీ నాన్న దీవెనలు.

ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. నా నడుం కూడా బాగానే ఉంది, చెక్కకి చిత్రిక పట్టేటప్పుడు తప్ప. మీ అమ్మ క్లినిక్కులో ఎప్పట్లాగే రోజుకి వందమంది పేర్లు పిలుస్తోంది. మొన్న ఒకాయన పంటినొప్పితో కునుకుతుంటే మీ అమ్మ పిలిచిన పిలుపుకి ఉలిక్కిపడి, సగం నొప్పి కుర్చీలోనే వదిలేసి లేచాడట. ఇది ఆవిడ చెప్పిందే, నా కల్పన కాదు. నువ్వు కూడా వేళకి తింటూ, జలుబు చేయకుండా ఉన్నావనుకుంటున్నాను.

నీ ఉత్తరం పోయిన గురువారం కొట్టుకి వచ్చింది. కబుర్లు తక్కువ, ప్రశ్నలు ఎక్కువ. సరే, జవాబులు రాస్తాను. పై వాటా టీచరమ్మ గారికి మోకాలి నొప్పి తగ్గలేదు గానీ దాని గురించి చెప్పడం కొంచెం తగ్గింది. పక్క కొట్టు సెలూన్ బాబాయ్ మీసం తీసేశాడు. తీసేసిన మర్నాడు అద్దంలో తనని చూసుకుని ‘రండి, కూర్చోండి’ అన్నాడని వీధంతా చెప్పుకుంటున్నారు. స్కూటర్ బాగు చేయించానా అని అడిగావు. చేయించలేదు. కొట్టుకి నడిచే వెళుతున్నాను. ఆ డబ్బు ఏమైందో ఈ ఉత్తరంలోనే తెలుస్తుంది.

‘సౌండ్ ఎలా వస్తోంది నాన్నా?’ అని ఎప్పట్లాగే అడిగావు. ఏడు నెలల్లో తొమ్మిది ఉత్తరాలు రాశావు, తొమ్మిదింటిలోనూ ఈ ప్రశ్న ఉంది. ప్రతిసారీ ‘బాగుంది’ అని ఒక్క ముక్కతో సరిపెట్టాను. ఈసారి అలా కుదరదు.

ఎందుకంటే చివర్లో ఇంకో ప్రశ్న వేశావు. ‘అమ్మ నా పని గురించి ఒక్క మాటైనా రాయించదేం? గొంతు పరీక్షలో తప్పానని ఇంకా కోపమేనా? నిజం చెప్పు నాన్నా’ అని. అది చదివి కొట్లో స్టూలు మీద కూలబడ్డవాణ్ణి చాలాసేపు లేవలేదు. సెలూన్ బాబాయ్ వచ్చి, ‘ఏంటన్నా, ఒంట్లో బాలేదా?’ అని అడిగాడు. ఒంట్లో బాగానే ఉంది. బుద్ధే బాగాలేదు.

మీ అమ్మకి కోపం లేదు తల్లీ. కోపం రావడానికైనా సంగతి తెలియాలి కదా. మీ అమ్మకి నేను చెప్పలేదు.

నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజు సంగతి ఇది. కొట్లో బల్లకి మేకు కొడుతూ చదవడం మొదలుపెట్టాను. మొదటి పేజీ చివర, ‘రేడియోలో ఉద్యోగం వచ్చింది నాన్నా! ఉదయం ఏడింటి కార్యక్రమం ఇక నాదే’ అని ఉంది. పేజీ అక్కడితో అయిపోయింది. బుద్ధి ఉన్నవాడు పేజీ తిప్పుతాడు. నేను సుత్తి పట్టుకునే వీధిలోకి పరిగెత్తి, ‘మా అమ్మాయి రేడియోలో మాట్లాడబోతోందర్రా!’ అని అరిచాను. సెలూన్ బాబాయ్ గడ్డం సగం గీసిన మనిషిని వదిలేసి వచ్చి నన్ను కౌగిలించుకున్నాడు. నా చొక్కాకి అంటిన సబ్బు నురగతోనే ఇంటికి పోయి మీ అమ్మకీ చెప్పాను. ఆవిడ ఇస్త్రీ చేస్తోంది. అలాగే నా వంక చూస్తూ నిలబడిపోయింది. నా మంచి చొక్కా వీపు మీద ఇస్త్రీ పెట్టె ఆకారంలో ఈనాటికీ ఒక మచ్చ ఉంది.

అప్పుడు పేజీ తిప్పాను. ‘గొంతు పరీక్షలో పోయింది నాన్నా. శాస్త్రవేత్త అనమంటే సాస్త్రవేత్త అన్నాను, నవ్వారు. కానీ నీ చెవి చాలా మంచిదమ్మాయ్ అన్నారు. గాజు గోడకి ఇవతల కూర్చుని మీటలు చూసుకునే పని ఇచ్చారు. నేను మాట్లాడను, మాట్లాడేవాళ్ళ మాట సరిగ్గా వినిపించేలా చూస్తాను. నాకు ఈ పని నచ్చింది. అమ్మకి మాత్రం నువ్వే నెమ్మదిగా చెప్పు.’

నెమ్మదిగా చెప్పమన్నావు కదా, ఏడు నెలలు తీసుకున్నాను.

నువ్వు ‘శ’ పలకడం కోసం మీ అమ్మ ఎన్నేళ్ళు నీ చేత వంటింట్లో పేపరు చదివించిందో నీకు తెలుసు. తను కూర తరుగుతూ, నువ్వు గుమ్మంలో నిలబడి ‘దేసం, ఆకాసం, సనివారం’ అంటుంటే, కత్తిపీట ఆపి ‘మళ్ళీ’ అనేది. ఆ మనిషి ముఖంలో అంత వెలుగు చూశాక ఆ రెండో పేజీ నా నోట్లోంచి రాలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాను. ఒక్క రోజు ఆగి చెబుదామనుకున్నాను. రెండో రోజుకి వీధంతా తెలిసిపోయింది. మూడో రోజుకి టీచరమ్మ గారు కిందికి దిగి వచ్చి మీ అమ్మని మెచ్చుకుని వెళ్ళారు. ఆ తరవాత నా పరిస్థితి కుడితిలో పడ్డ ఎలుకే.

వీధిలో ఎవరికీ పొద్దున్నే రేడియో పెట్టే అలవాటు లేదు, ఇంట్లో మన పాత రేడియో నన్ను కాపాడుతూ వచ్చింది. దాని సంగతి నీకు చెప్పాలా? అందులో ఎవరు మాట్లాడినా దుప్పటి ముసుగేసుకుని మాట్లాడినట్టే ఉంటుంది. శ, ష, స మూడూ దానికి ఒకటే అక్షరం. రోజూ ఏడింటికి మీ అమ్మ దాని ముందు కూర్చుని వినేది. ఎవరో ఒకావిడ కబుర్లు చెప్పి, చిన్న కథ చదివి, మధ్యలో పాటలు వేసి, ఏడున్నరకి సెలవు తీసుకునేది. చిక్కల్లా అక్కడే. సెలవు తీసుకుంటూ ఆవిడ తన పేరు చెప్పుకుంటుంది. మొదటి రోజు నాకు గుండె ఆగినంత పనైంది గానీ, రేడియో గుయ్యిమని మోగి పేరుని మింగేసింది. రెండో రోజునుంచీ రేడియోని నమ్ముకోలేదు. సరిగ్గా ఆవిడ పేరు చెప్పే వేళకి దగ్గడం మొదలుపెట్టాను. ఏడు నెలలు, రోజూ, ఏడున్నరకి దగ్గాను తల్లీ. మీ అమ్మ కంగారుపడి క్లినిక్కు నుంచి దగ్గు మందు తెచ్చింది. ప్రపంచంలో అంత చేదు మందు ఇంకోటి ఉండదు. లేని దగ్గుకి పూటకి రెండు చెంచాలు మింగాను.

ఇలా జరుగుతుండగా రెండు నెలల కిందట ఒకరోజు మీ అమ్మ, ‘ఏమండీ, మన రేడియోలో సౌండేం బాగాలేదు. పిల్ల అక్కడ అంత కష్టపడుతుంటే మనం ఈ డబ్బాలో వింటామా? మంచి సౌండు కావాలి’ అంది. నా నోట్లో పచ్చి వెలక్కాయ పడింది. ‘డబ్బేదీ?’ అన్నాను. ‘స్కూటరు బాగు చేయించడానికి దాచింది ఉందిగా. అంతలోనే రావాలి, దాటకూడదు’ అంది. ఆ డబ్బుకి మంచి సౌండ్ రావడం కల్ల అనుకుని ధైర్యంగా ‘సరే’ అన్నాను.

రిపేరు బావని పిలిచాను. సందు మొదట్లో రేడియోలు బాగుచేస్తాడే, మీ అమ్మని చెల్లెమ్మా అని పిలుస్తూ నన్ను ఊరికే బావని చేసేశాడే, ఆయన. ‘ఈ డబ్బుకేం వస్తుంది, కష్టం అని చెప్పు’ అన్నట్టు వెనకనుంచి సైగలు చేశాను. అతగాడు ఆ రోజు కళ్ళజోడు మరిచి వచ్చాడు, అది లేకపోతే గోడే కనిపించదు, సైగలేం కనిపిస్తాయి? గదంతా తిరిగి, చప్పట్లు కొట్టి విని, ‘చెల్లెమ్మా, అందరూ సౌండంతా కొనుక్కొచ్చే డబ్బాలో ఉందనుకుంటారు. సగమే డబ్బాలో ఉంటుంది. మిగతా సగం గదిలో ఉంటుంది, దానికి డబ్బక్కర్లేదు. ముందు అది తీసుకుందాం’ అన్నాడు.

రేడియో ఇనప బీరువా మీద ఉండేది కదా. దాన్ని దించి, నేను చేసిన చెక్క బల్ల మీద, మనిషి కూర్చుంటే చెవి ఎత్తుకి వచ్చేలా పెట్టించాడు. ఇన్నేళ్ళూ ఆ గరగరలో సగం బీరువా తలుపులదేనట! మూలలోంచి జానెడు ముందుకి లాగించాడు, బొయ్యిమనే మోత తగ్గింది. ఎదురుగా ఉన్న బోడి గోడకి మీ అమ్మ రెండు పాత దుప్పట్లు వేలాడదీసింది. గది చాకిరేవులా తయారైంది గానీ మాట తిరిగి వచ్చి మన మీదే పడటం ఆగింది. ఒక్క పైసా ఖర్చు లేకుండా రేడియో ఆవిడ ముసుగు సగం తీసేసింది. మీ అమ్మ మురిసిపోయింది. నేను ఇంకాస్త గట్టిగా దగ్గడం మొదలుపెట్టాను.

తరవాత స్పీకర్ల సంగతి. కొత్తవాటి ధర విని నాకు ప్రాణం లేచి వచ్చింది. ‘అయ్యో, మనకి అందవే’ అని నిట్టూర్చాను కూడా. రిపేరు బావ ఊరుకుంటేగా! ‘కొత్తవెందుకు బావా? చెద తినేసిన పెట్టెలోంచి తీసిన స్పీకరు ఒకటి నా దగ్గర పడుంది. ప్రాణం బాగుంది, ఒళ్ళే పోయింది. నువ్వు వడ్రంగివి, కొత్త పెట్టె చేసెయ్. రెండు నాసిరకానివి కొనేకంటే ఒక్కటి మంచిది చేసుకోవడం నయం’ అన్నాడు. చిన్న ఆంప్లిఫయర్ ఒకటి పాత భాగాలతో తనే కట్టి ఇస్తానన్నాడు. మీ అమ్మా ఆయనా కలిసి లెక్క చూసుకుని, డబ్బు సరిపోయిందని ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుని నవ్వుకున్నారు.

అప్పుడు నాకో దుర్బుద్ధి పుట్టింది. పెట్టె చేసేది నేనే కదా! పల్చటి చెక్క వాడి, కీళ్ళు వదులుగా వదిలేస్తే, పెట్టె గజగజలాడుతుంది. సౌండ్ మళ్ళీ మొదటికి వస్తుంది. నేను మాత్రం ‘అయ్యో, ఇంత చేసినా ఫలితం లేదే’ అంటాను. కొట్లో తలుపు దగ్గరగా వేసుకుని మొదలుపెట్టాను. చెక్క కొయ్యబోతే చెయ్యి దానంతటదే దళసరి చెక్క వైపు పోయింది. కీలు వదులుగా పెట్టి ఇంటికి వచ్చాను, అన్నం సహించలేదు. మర్నాడు పొద్దున్నే పోయి దాన్ని ఊడదీసి బిగించాను. మూలలో కావాలనే సన్నని సందు వదిలాను. మధ్యాహ్నం దాకా దాని చుట్టూ తిరిగి, చివరికి బంకా రంపప్పొట్టూ కలిపి పూడ్చేశాను. చెడ్డపని చేయడం కూడా ఒక విద్యే పిచ్చుకా. ముప్పై ఏళ్ళలో నేను అది నేర్చుకోలేదు. నాలుగో రోజుకి, నా చేతుల మీదుగా ఇంతవరకూ రానంత మంచి పెట్టె తయారైంది. లోపల కూరడానికి మీ అమ్మ నా తలగడలోంచి దూది తీసి ఇచ్చింది. నా తలగడే ఎందుకో అడగలేదు.

పెట్టె పెట్టి చూస్తే మద్దెల మోత బ్రహ్మాండంగా ఉంది. రిపేరు బావ మాత్రం పెదవి విరిచాడు. ‘మాట చివర్లు రావట్లేదు. స, శ లాంటి సన్నటి చప్పుళ్ళు పెద్ద స్పీకరుకి చేతకావు. దీని పైన చిన్న స్పీకరు ఒకటి పడాలి. అది మాత్రం కొత్తదే కొనాలి’ అన్నాడు. ‘డబ్బైపోయింది’ అన్నాను. అంత హుషారుగా ఆ మాట నేనెప్పుడూ అని ఉండను. మీ అమ్మ కాసేపు ఆలోచించి, ‘అన్నయ్యా, మీ కొట్టు తలుపు సరిగ్గా పడట్లేదని అంటుంటారుగా. ఈయన బాగుచేస్తారు. మీరు చిన్న స్పీకరు ఇవ్వండి’ అంది. ఇద్దరూ నా వైపు చూశారు. రెండు రోజులు ఆయన కొట్లో తలుపు ఎత్తి దించి, చెక్క పట్టీలు మార్చి, నా ఉరితాడు నేనే పేనుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

మీ అమ్మ అంతటితో ఆగిందా? ‘ఆదివారం అందరినీ పిలుద్దాం. పిల్ల కార్యక్రమం మొదటిసారి సరిగ్గా వింటున్నాం’ అంది. ఈలోగానే గురువారం నీ ఉత్తరం వచ్చింది. ఎప్పట్లాగే ఆవిడ ఇస్త్రీ చేస్తుంటే నేను పైకి చదివాను. ఉత్తరం వినాల్సిందే అంటుంది కదా మీ అమ్మ, చూస్తే అక్షరాలు కనిపిస్తాయి, వింటే మనిషి కనిపిస్తుందని. అమ్మకి కోపమా అన్న ముక్క దగ్గరికి వచ్చేసరికి దగ్గాను. దగ్గి, దాటేశాను. ఆ రాత్రి పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు. దూది లేని తలగడ ఒక కారణం, అంతే.

ఆదివారం ఏడు కాకముందే సెలూన్ బాబాయ్ కొత్త ముఖంతో వచ్చి కూర్చున్నాడు. టీచరమ్మ గారు ‘అమ్మా, అయ్యా’ అనుకుంటూ మెట్లు దిగి వచ్చారు. రిపేరు బావ మీటలు సవరించాడు. మీ అమ్మ పెట్టెకి ఎదురుగా, అందరికన్నా ముందు కూర్చుంది. ఏడున్నరకి దగ్గుదాములే అని నేను తలుపు దగ్గర నిలబడ్డాను. అంతవరకూ ఆగనిస్తేగా! పెట్టెలోంచి మొట్టమొదటి మాటే, ‘శ్రోతలందరికీ శుభోదయం’ అని వచ్చింది.

ఆహా, ఏం శ తల్లీ అది! కొత్త పదును పెట్టిన చిత్రికతో టేకు చెక్క మీద ఒక్క లాగు లాగితే వచ్చే చప్పుడులా వచ్చింది. రెండు శలు, ఒకదాని వెనక ఒకటి, గదిలోకి నడిచి వచ్చి నిలబడ్డాయి. సెలూన్ బాబాయ్, ‘అబ్బ, ఎదురుగా కూచుని మాట్లాడుతున్నట్టే ఉందన్నా’ అన్నాడు. టీచరమ్మ గారు మాత్రం కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

‘చూడండీ, మీరేమీ అనుకోకపోతే ఒక మాట’ అన్నారావిడ. ‘మీ అమ్మాయికి అయిదేళ్ళు తెలుగు చెప్పాను. వారంలో శ ఉన్న రోజులు రెండు. ఆ రెండు రోజుల పేర్లూ దాని చేత సరిగ్గా అనిపించలేక నేనే ఓడిపోయాను. ఈ శ మీ అమ్మాయిది కాదు.’

గదిలో పాట మోగుతోంది గానీ నాకేం వినిపించలేదు. సెలూన్ బాబాయ్ నా వైపు తిరిగాడు. రిపేరు బావ ఏదో తీగ సరిచేస్తున్నట్టు తల వంచేశాడు. నేను నోరు తెరిచాను. అబద్ధమైనా రావాలి, నిజమైనా రావాలి, కనీసం దగ్గైనా రావాలి. ఏదీ రాలేదు.

మీ అమ్మ వెనక్కి తిరక్కుండానే జవాబు చెప్పింది. ‘అవునండీ. మాట్లాడేది మా అమ్మాయి కాదు, వేరే ఆవిడ. కానీ మీకు శ అంత స్పష్టంగా వినిపించింది చూశారూ? అది మా అమ్మాయి పని.’

అరగంటా విన్నాం. ఏడున్నరకి ఆవిడ సెలవు తీసుకుని తన పేరు చెప్పింది. నాకు దగ్గాలని తోచలేదు. ఆ వెంటనే, వెనకనుంచి వస్తున్న పాటలో సగం మునిగిపోతూ, ‘సాంకేతిక సహకారం’ అని ఇంకో పేరు చెప్పింది. నీ పేరు. ఇంటిపేరుతో సహా, నీ పేరు.

ఏడు నెలలు నేను ఎవరో ఆవిడ పేరు మీద దగ్గుతున్నాననుకున్నాను. నీ పేరు మీద దగ్గాను తల్లీ. రోజూ ఉదయం అంతదూరం నుంచి నా కూతురి పేరు నా ఇంటికి వస్తుంటే, నా నోటితో నేనే దాన్ని తరిమేశాను. ఇది రాస్తుంటే నాకు ఏడుపు వస్తోంది. వచ్చినా ఫరవాలేదు, ఇంట్లో ఎవరూ లేరు.

అందరూ వెళ్ళాక మీ అమ్మ ముందు నిలబడ్డాను. ‘ఎప్పటినుంచి తెలుసు?’ అని అడిగాను. ‘మొదటి రోజునుంచీ. గొంతు డబ్బాలో మారిపోవచ్చు, మాట నడక మారుతుందా? మన పిల్ల గబగబా మొదలుపెట్టి చివరికొచ్చేసరికి నీరసపడుతుంది. ఈవిడ తాపీ మనిషి. ఆ రోజు చివర్లో పిల్ల పేరు కూడా వినిపించినట్టే అనిపించింది, సగం. రెండో రోజు విందామంటే మీరు దగ్గారు. మూడో రోజూ దగ్గారు. అందుకే మందు తెచ్చా. మందుకి తగ్గే దగ్గు కాదని అర్థమయ్యాక మంచి సౌండు కావాలన్నా’ అంది. మందు అంత చేదుగా ఎందుకుందని అడిగాను. ‘అన్నిట్లోకీ చేదైంది ఏదండీ అని అడిగి మరీ తెచ్చా’ అంది.

‘మరి అది చేసేది సౌండ్ పని అని ఎలా తెలిసింది?’ అన్నాను. నా వంక జాలిగా చూసింది. ‘పిల్ల ఏ ఉత్తరంలోనైనా నేనెలా చదివాను నాన్నా అని అడిగిందా? సౌండెలా ఉంది, సౌండెలా ఉంది అని తప్ప? మీరే కదా చదివింది. మీరు వినలేదా?’

నవ్వుతూనే అంది గానీ తరవాత కూర్చుండిపోయింది. ‘నాకే చెప్పొద్దందేమో అనుకున్నానండీ. చిన్నప్పుడు పేపరిచ్చి గుమ్మంలో నిలబెట్టేదాన్నిగా. నేనంటే భయంతో దాచుకుందేమోనని అడగలేకపోయా’ అంది. అప్పుడు నీ మొదటి ఉత్తరం రెండో పేజీ, మొన్నటి ఉత్తరం చివరి ముక్కా తెచ్చి చేతిలో పెట్టాను. మొదటిసారి నీ ఉత్తరం తన కళ్ళతో చదువుకుంది. నువ్వేమో అమ్మకి కోపమని ఏడు నెలలు, ఆవిడేమో కూతురికి భయమని ఏడు నెలలు. మధ్యలో నేను.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. మీ అమ్మ బాధపడుతుందని దాచానని పైన రాశాను. అది సగమే నిజం. సుత్తి పట్టుకుని వీధిలో అంత అరిచాక, ‘కాదర్రా, మా అమ్మాయి మాట్లాడదు, వెనక కూర్చుంటుంది’ అని చెప్పడానికి నాకు నామోషీ వేసింది. మంచం చేసిన వడ్రంగిని పడుకున్నవాడు ఎప్పుడూ తలుచుకోడు, కిర్రుమన్న రోజు తప్ప. బతుకంతా ఆ పనే చేసినవాణ్ణి, నీ పని చూసి నామోషీ పడ్డాను. నన్ను క్షమించు. నిన్న సాయంత్రం సెలూన్‌కి వెళ్ళి అద్దాల ముందు కూర్చున్న నలుగురికీ నువ్వు చేసే పని ఏమిటో వివరంగా చెప్పాను. ఒకాయన ముఖం నిండా సబ్బుతో, ‘అయితే ఆ పిల్ల లేకపోతే ఎవరి మాటా వినపడదన్నమాట’ అన్నాడు. అన్నమాటే అన్నాను.

సౌండ్ ఎలా ఉందని అడిగావు. చాలా బాగుంది తల్లీ.

ఇట్లు,
దగ్గు తగ్గిన మీ నాన్న

పిచ్చుకా,

ఈ ఉత్తరం అంటించే ముందు నేను అడిగి తీసుకుని చదివాను. ఇకమీద మీ నాన్న చదివి వినిపిస్తానంటే ఒప్పుకోను. పేజీలు ఎగిరిపోతున్నాయి. నాకు విడిగా, క్లినిక్కు చిరునామాకి రాయి. అక్కడ ఇన్నేళ్ళుగా అందరి పేర్లూ నేనే పిలుస్తున్నాను, నా పేరున ఒక్క ఉత్తరమూ రాలేదు.

కోపం లేదు. ఎప్పుడూ లేదు. శ రాకపోతే ఏమీ కొంపలు మునగవని నీకు అప్పుడే చెప్పవలసింది. చెప్పలేదు, అది నా తప్పు.

ఇక పని సంగతి. నేను రోజూ విన్నాను. మంగళవారం కథ అయిన మరుక్షణం పాట వేసేశావు. కథలో ముసలాయన అప్పుడే కదా చనిపోయాడు, వినేవాళ్ళని ఒక్క ఊపిరి తీసుకోనివ్వు. గురువారం అలాగే ఆగావు, బాగుంది. మాట్లాడే ఆవిడ కాగితాలు తిప్పే చప్పుడు పెద్దగా వస్తోంది, దళసరి కాగితాలు వాడుతున్నట్టుంది, మార్చమను. మిగతాదంతా శుభ్రంగా ఉంది. మీ నాన్న చేసిన పెట్టె కూడా శుభ్రంగా ఉంది, ఆయనతో అనకు.

ఒక్కటి మాత్రం నాకు నచ్చలేదు. చివర్లో ఆవిడ తన పేరు చెప్పేటప్పుడు పాట తగ్గించి ఉంచుతావు. నీ పేరు దగ్గరికి వచ్చేసరికి పాట పైకి తెచ్చేస్తావు. ఆదివారం గమనించాను, ఇవాళ పొద్దున్న కూడా అదే చేశావు. మీట నీ చేతిలోనే ఉంది కదా. రేపటినుంచి ఆ పేరు అయ్యేదాకా పాట ఆపి ఉంచు.

ఇట్లు,
మీ అమ్మ